మణిభవన సందర్శనము

గడచిన వేసవి సెలవులలో బంధువుల యింట వివాహమునకై నేను ముంబయి నగరమునకు పోవుట తటస్థించెను. శుభకార్యము ముగిసిన మరునాడు గాందేవి ప్రాంతమున లాబర్నమ్ వీథిలోనున్న మణిభవనమును చూడబోయితిని.

ఇది గాంధీ మహాత్మునకు మిత్రుడైన రేవాశంకర జగజీవన ఝవేరీగారి గృహము. 1917 మొదలు 1934 వరకు మహాత్ముడు ఆ నగరమునకు వచ్చినప్పుడు ఇచ్చటనే బస చేయుచుండెను. 1919లో రౌలట్ చట్టముపై జరిగిన సత్యాగ్రహమునకు ఈ యిల్లు కార్యస్థానమయ్యెను. 1932 జనవరి 4వ తేదీ తెల్లవారుజామున ప్రభుత్వమువారు ఆయనను ఈ మేడపైననే నిర్బంధించిరి. 1955లో ఈ గృహము స్మారక మందిరమైనది.

క్రింద గ్రంథాలయము గలదు. మెట్లెక్కి రెండవ యంతస్తునకు పోయినచో ఆయన వసించిన గది కనబడును. నేలపై పరుపు, ప్రక్కన రాట్నములు. ఒక మహానాయకుని గదిలో చూడదగినది ఇంతియే. మహాత్ముడు దూది యేకుటలో తొలి పాఠములు నేర్చుకొనినది ఇచ్చటనేయని ఆ భవనమువారు చెప్పుదురు. తన యాత్మకథలో ఆయనయే ఒక సంగతి వ్రాసెను. రాట్నమునకు కావలసిన ఏకులు దొరకక చిక్కుపడుచుండగా, దూదేకువాడొకడు వింటినారి మ్రోగించుచు ప్రతిదినము ఈ వీథిన పోవుచుండెనట. ఆయన వానిని పిలిపించెను. అతడు పరుపులకు దూది యేకువాడు. ఏకులకు హెచ్చు ధర యడిగినను మహాత్ముడు ఇచ్చెను. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు సమీపించుచుండెను.

ఆ గది ముందు నిలిచియుండగా నాకు మన పాఠశాల వసారా జ్ఞప్తికి వచ్చెను. అంతకు ముందటి సంవత్సరము నా తరగతిలోని బాలుని తండ్రి, దూదేకుల వృత్తివాడు, పనికి పోవుచు విల్లు భుజమున పెట్టుకొని వచ్చి, కుమారుని లెక్కల చదువును గూర్చి యడిగెను. అతని బట్టలనిండ దూది నూగు. నేను గుమ్మములోననే నిలిచి, “తరువాత రా” అని పంపివేసితిని. అతడు మరల రాలేదు. ముందు బల్లపై కూర్చున్న బాలుడు అంతయు చూచి తల వంచుకొనెను. నాటినుండి తరగతిలో చేయి యెత్తుట మానెను. అది బిడియమని నేననుకొంటిని. విద్యార్థిని, వాని యింటిని గౌరవింపవలెనని శిక్షణ కళాశాలలో చదివితిని. ఆ పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చినవి.

జూన్ మాసమున బడి తెరచిన మొదటి వారములో, ఒక సాయంకాలము వారి యింటికి పోయితిని. ఆయన తత్తరపడి చాప పరచెను. “ఆనాడు మిమ్ములను లోనికి రమ్మనకపోవుట నా తప్పు” అంటిని. ఆయన, “ఎంత మాట, మేష్టరుగారూ!” అని నేలచూపు చూచెను. కొంతసేపు ఎవరమును మాటలాడలేదు. పిమ్మట, “మీ పని నాకు కొంచెము చూపింతురా?” అని యడిగితిని.

విల్లు నా చేతికిచ్చిరి. నేను కొట్టగా నారి మ్రోగలేదు. దూది ఉండలు కట్టెను. మొదట నవ్వినది ఆ బాలుడు. “అట్లు కాదండీ” అని నా మణికట్టు పట్టుకొని సవరించెను. అరగంట శ్రమపడి నేను ఏకినది ఒక దిండునకైన చాలదు.

మరునాడు లెక్కల తరగతిలో ఆ బాలుడు చేయి యెత్తెను. చెప్పిన యుత్తరము తప్పు. అయినను ఆ సంవత్సరము నేను విన్న యుత్తరములలో అంత సంతోషము కలిగించినది వేరొకటి లేదు.

బాలబాలికలారా, మీలో నెవరైన ముంబయికి పోయినచో మణిభవనమును చూచి రండు. తల్లిదండ్రులారా, మీరు పనికి పోవుచు పనిముట్లతోనే మా గదిలోనికి రండు. అచ్చట మీకొక కుర్చీ వేసియుంచితిమి.