బుధుడి దగ్గరికి పడిపోవటం తేలికేనా?

మొన్నామధ్య మా ఊరి హైస్కూల్లో గ్రహాల గురించి మాట్లాడటానికి వెళ్ళాను. జాతకంలో బుధుడు నీచలో ఉన్నాడని భయపడే ఇళ్ళ పిల్లలకి అసలు బుధుడెవరో చెప్పాలని నా తాపత్రయం. సూర్యుడికి సగటున 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్లు, పగలు 430 డిగ్రీల సెల్సియస్, రాత్రి మైనస్ 180. అన్నీ బాగానే చెప్పాను. చివర్లో తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, అటు సూర్యుడే లాగుతాడు కదా, ఆ రాకెట్టుకి ఇంధనం తక్కువ పడుతుందా?" అంది.

"అవునమ్మా, ఏట్లో దిగువకి పోయే పడవ లాగా" అనేశాను. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. అంత తేలికైతే 2004 ఆగస్టులో బయల్దేరిన మెసెంజర్ నౌక బుధుడి కక్ష్యలో చేరేసరికి 2011 మార్చి ఎందుకయింది? కూర్చుని చదివితే, నేను చెప్పింది శుద్ధ తప్పని తేలింది.

భూమి సెకనుకి 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. మనం పంపే నౌకకి ఆ వేగం పుట్టుకతో వస్తుంది. అది ఉన్నంతకాలం నౌక చుట్టూ తిరుగుతుందే కానీ లోపలికి పడదు. ముందు దాన్ని తగ్గించుకోవాలి. తీరా పడటం మొదలయ్యాక సూర్యుడి లాగుడుకి వేగం పెరిగిపోయి బుధుణ్ణి దాటిపోతుంది. అక్కడ మళ్ళీ బ్రేకు వెయ్యాలి. గాలి రాపిడితో ఆగుదామంటే బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. అంత ఇంధనం మోసుకెళ్ళలేక మెసెంజర్ భూమి పక్కగా ఒకసారి, శుక్రుడి పక్కగా రెండుసార్లు, బుధుడి పక్కగానే మూడుసార్లు పోయి, వాటి ఆకర్షణతో వేగం సర్దుకుంది. 2018లో బయల్దేరిన బెపికొలంబోకీ ఇవే తిప్పలు. పైగా థ్రస్టర్లకి కరెంటు చాలక, చేరే గడువు 2025 డిసెంబరు నుంచి 2026 నవంబరుకి జరిగింది.

ఎండ సంగతి ఇంకా తేలికేమో అనిపించింది. మెసెంజర్‌కి సిరామిక్ బట్టతో గొడుగు కట్టారు. వేగానికి గొడుగు లేదు.

జ్యోతిష్కుల్ని "ఆధారం ఏదీ?" అని నిలదీసేవాణ్ణి నేను. ఆ అమ్మాయి నన్ను ఆధారం అడగలేదు. మైకు నా చేతిలో ఉందని నమ్మింది, అంతే. నేను పోగొట్టాలనుకున్న నమ్మకం సరిగ్గా అలాంటిదే కదా!

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. మూకుట్లో గోళీ తిప్పి చూపించాను. జోరు ఉన్నంతసేపూ అంచున తిరిగింది, జోరు తగ్గాకే మధ్యకి జారింది. "పోయినసారి నేను చెప్పింది తప్పు" అన్నాను. మాస్టార్లు మొహమొహాలు చూసుకున్నారు.

ఆ అమ్మాయి మళ్ళీ లేచింది. "మరి ఇప్పుడు చెప్పింది కరెక్టని ఎలా తెలుస్తుంది సార్?"

బోర్డు మీద రెండు గ్రహాల దూరాలూ, 365 రోజులు, 88 రోజులు అని రాసి సుద్దముక్క తన చేతికిచ్చాను. పది నిమిషాల్లో లెక్క తేల్చింది. భూమికి 30, బుధుడికి 48.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తమ తమ నోటుబుక్కుల్లో లెక్క చూసుకుంటున్నారు.