సమీకరణంలో కామా

లెక్క తేలిన సంఖ్యను చేత్తో ఎక్కించకుండా, పత్రం తయారయ్యేటప్పుడే ఆర్ భాష చేత రాయించే నిటర్ ప్యాకేజీ అంటే నాకెంతో గౌరవం. డేటా మారితే వాక్యంలో అంకె తానే మారుతుంది. అయితే ఆ అంకె సమీకరణంలోకి వెళ్లాక అసలు పని మొదలవుతుంది.

డొనాల్డ్ క్నూత్ సృష్టించిన అక్షరకూర్పు వ్యవస్థ టెక్, గణితంలో కామాను విరామచిహ్నంగానే చూస్తుంది. బిందువు నిరూపకాల మధ్య వదిలినట్టే దాని తర్వాత కాస్త జాగా వదులుతుంది. దాంతో 12,345 కాస్తా 12, 345 అయి రెండు సంఖ్యలనిపిస్తుంది. కామాను ఫ్లవర్ బ్రాకెట్లలో పెడితే ఆ ఖాళీ పోతుంది.

2.498ని రెండు దశాంశాలకు సవరించమంటే ఆర్ 2.5 అని చూపి ఊరుకుంటుంది. 2.50 కావాలంటే స్ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌తో అడగాలి. కొలత ఎంత నిశితమో చెప్పేది ఆ సున్నాయే, దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు. సమీకరణంలో గుణకం రుణమైతే ప్లస్ పక్కనే మైనస్ పడటం మరో చిక్కు.

మన లక్షల పద్ధతి ఇంకా కష్టం. ఆర్ ఫార్మాట్ ఫంక్షన్ కామాలను సమాన దూరాల్లోనే వేస్తుంది, 1,234,567 అని. తెలుగులో బడ్జెట్ వ్యాసం రాసేవారికి 12,34,567 కావాలి. అందుకు చిన్న ఫంక్షన్ సొంతంగా రాసి, పత్రం మొదట్లోనే పెట్టుకోవాలి.