250 చాలదా, 600 కావాలా?

మా ఆత్మకూరులో కెమెరా కనబడితే అందరూ అడిగేది ఒక్కటే: "పులిని తీసినావా?" అడగడంలో తప్పులేదు. ఊరు దాటితే నల్లమల. మా నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ 3,728 చదరపు కిలోమీటర్లు, దేశంలోకెల్లా పెద్దది. నా జవాబు మాత్రం రెండేళ్ళుగా ఒకటే: "లేదన్నా, లెన్స్ చాలదు."

నా దగ్గరున్నది కెనాన్ 55–250. మనసు పడింది సిగ్మా 150–600 మీద. పెళ్ళిళ్ళకూ ఓణీల ఫంక్షన్లకూ ఫొటోలు తీసి దాచుకున్న డబ్బుకు సెకండ్ హ్యాండ్‌ది కూడా రాదు. ఇంట్లో ఆ మాట అంటే నాన్న, "తీసుకోరా. తక్కువ పడింది శనగలు అమ్మినాక నేనిస్తాలే" అన్నాడు. వద్దని ఉంటే నాకు సులువయ్యేది. రెండు బోర్లు ఎండిపోయిన మనిషి అంత తేలిగ్గా సరే అన్నాక, అది నిజంగా అవసరమో కాదో తేల్చాల్సింది నేనే.

ప్రతి ఫొటోలోనూ ఏ ఫోకల్ లెంగ్త్, ఏ షటర్ స్పీడ్, ఎన్ని గంటలకు అన్నది ఎగ్జిఫ్ డేటాగా ఉంటుంది. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి నా ఫోల్డర్లన్నీ చదివించాను. అడవి ఫొటోల్లో సగానికి పైగా 250 దగ్గర తీసినవే. ఇంకేం, కొనేయొచ్చు అనిపించింది. కానీ పాడైన ఫొటోలను వేరుచేసి టైమ్ ప్రకారం పేర్చితే లెక్క మారింది.

దోర్నాల రోడ్డులో, బైర్లూటి దగ్గర పాడైనవన్నీ తెల్లవారుజామునో పొద్దుగూకేటప్పుడో తీసినవి. అక్కడ దుప్పి దగ్గర్లోనే ఉంటుంది, చెట్ల కింద వెలుతురే ఉండదు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు, నా కెమెరా క్రాప్ 1.6 కలిపి చూస్తే, 250కి షటర్ కనీసం 1/400 ఉండాలి. 600కి దాదాపు 1/1000. పైగా అపర్చర్ 5.6 నుంచి 6.3కి పడిపోతుంది. రెండూ కలిపితే సెన్సర్‌కు అందే వెలుతురు మూడో వంతే. స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకును సర్దుతుంది గానీ దుప్పి కదలకుండా ఆపలేదు కదా!

600 పనికొచ్చేది నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడులో. అంతా గడ్డి మైదానం, కృష్ణజింకలు మనిషిని దగ్గరికి రానీయవు. కానీ అక్కడ పాడైనవి ఎక్కువగా ఉదయం తొమ్మిది దాటాక తీసినవి. నేల కాగి గాలి అలలుగా లేస్తుంటే, జింక కాళ్ళు నీళ్ళలో ఉన్నట్టు వంకర్లు పోతాయి. 600 పెడితే ఆ వంకర్లు కూడా 2.4 రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. చీకటితో లేచి బండి తీయడమే దానికి మందు. దానికి పెట్రోల్ ఖర్చు చాలు.

ఇంకో సంగతి ఉంది. రోళ్ళపాడును 1988లో అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట కోసం. నాన్న వాళ్ళ అమ్మమ్మ ఊరు మిడుతూరు వైపు. చిన్నప్పుడు చేలల్లో ఆ పిట్టను చూశానంటాడు. ఇప్పుడు చాలా ఏళ్ళుగా అది అక్కడ కనబడటమే లేదు. దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయంటారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. నాకు 600 మీద ఆశ పుట్టింది పులి కోసం కాదు, ఆ పిట్ట ఫొటో ఒక్కటి నాన్నకు చూపించాలని. లేని పిట్టను ఏ లెన్స్ దగ్గరికి తెస్తుంది?

శనగల డబ్బు వద్దని చెప్పేశాను. చలికాలంలో రెండు రోజులకు 600 అద్దెకు తెచ్చి, రోళ్ళపాడులో పొద్దు పొడిచినప్పటి నుంచి తొమ్మిది దాకా రెండు లెన్సులతోనూ తీస్తాను. తేడా నిజంగా కనబడితే నేనే కూడబెట్టి కొంటాను. నాన్నను కూడా రమ్మన్నాను. "చేనిలో పడితే తరిమే జింకల్ని చూసేకి అంత పొద్దున్నే పోవాల్నా?" అని నవ్వాడు. వస్తాడనే అనుకుంటున్నా.

మీలో ఎవరైనా లెన్స్ మార్చే ఆలోచనలో ఉంటే, ముందు మీ పాడైన ఫొటోల్ని టైమ్ ప్రకారం పేర్చి చూడండి. స్క్రిప్ట్ కావాలంటే క్లబ్ గ్రూప్‌లో అడగండి, పంపిస్తా.