రైలుకట్ట మీద రోడ్డు

సత్యనారాయణపురంలో ఆటో దిగి, రైలుకట్ట ఎటని ఒక కుర్రాణ్ణి అడిగాను. "బీఆర్‌టీఎస్ రోడ్డాండీ? మీరు నిలబడిందే" అన్నాడు.

బెజవాడ నుంచి గుడివాడ, బందరు వెళ్లే రైళ్లు ఒకప్పుడు మా ఇళ్ల మధ్య నుంచే పోయేవి. పట్టాలు పీకేసి ఆ జాగాలో ఇంత వెడల్పు రోడ్డు వేశారు. నడుమ బస్సులకని విడిగా దారి కట్టారు గానీ, నేనున్నంతసేపూ అందులో ఒక్క బస్సూ కనపడలేదు. రిటైరైన పెద్దలు వాకింగ్ చేసుకుంటున్నారు.

గేటు పడిందంటే మాకు పండగ. ఆగిన రిక్షాల మధ్య జామకాయల బుట్టలు దిగేవి. పొద్దుటి పాసింజరులో పాలవాళ్లు క్యాన్లు కిటికీ ఊచలకు తగిలించుకుని వచ్చేవాళ్లు. పట్టా మీద మేకు పెడితే రైలు దాన్ని చాకు చేసిపెట్టేది. దాంతో కోసిన మామిడికాయ ముక్కకి ఇనుప వాసన. బొగ్గింజను వెళ్లాక ఆరేసిన పంచెల నిండా నుసి. అమ్మ రైల్వేవాళ్లను తిట్టే తిట్లు మాకు కంఠతా వచ్చు. నాన్న రైల్వే గుమాస్తా కాబట్టి అవి తగలాల్సిన చోటే తగిలేవి.

గేటు రంగు ఎరుపూ తెలుపూ అంటుంది అక్క. కాదు, నలుపూ తెలుపూ. గేటుమాన్ ముఖం ఎంత తలచుకున్నా రాదు, దగ్గు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది.

1988 డిసెంబరు 26న బెజవాడ ఎమ్మెల్యే వంగవీటి రంగాని చంపారు. మేడెక్కి చూస్తే ఊరి మీద పొగ. కర్ఫ్యూ అంటే బడి లేదని మాత్రమే తెలిసిన వయసు నాది. క్యారమ్స్ బోర్డు దించాం. రాత్రి డ్యూటీకి వెళ్లిన నాన్న మర్నాడు మధ్యాహ్నమైనా రాలేదు. అమ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది. "ఒక చెయ్యి తక్కువైంది, ఆటకి రావే" అని పిలిచాను. ఏమందో గుర్తులేదు. చూసిన చూపు గుర్తుంది.

పాత వీధిలో ఒక అరుగు మీద ముసలావిడ ఆపింది. "ఎవరబ్బాయివి నాయనా?" చెప్పాను. "గుమాస్తాగారి రెండోవాడివా! మీ అమ్మ కేకలు వీధి చివరికి వినపడేవి" అని నవ్వింది.

"రైలు లేకపోతే ఏదోలా ఉంది మామ్మగారూ" అన్నాను.

"నీకేం, చూసిపోవడానికొచ్చావు. మా కోడలు నొప్పులతో గేటు దగ్గర రిక్షాలో పడుంది, గూడ్సు కదిలితేనా! పోతే పోయింది పీడ."

ఆవిడ మాటే న్యాయం. అయినా ఒక్కటి అడుగుతాను. మా ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ స్టూడియో తెరల ముందు తీయించుకున్నవే. ఆ గేటు పడ్డ ఫొటో, రంగులది, మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చూపించండి. అక్కతో పందెం కాశాను.