సముద్రం లేని ఊరికి ఓడ కబురు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్ప పక్కన కూర్చున్న ఆ పెద్దాయన సముద్రం చూసింది జీవితంలో ఒక్కసారే. కానీ ధర పలకని రోజున ఆయన మాట సముద్రం మీదికే పోతుంది. ‘పత్తి పండేది మన నల్లరేగడిలో. దాని రేటు మాత్రం ఓడల మీద తిరుగుతాంటాది’ అంటాడు.

హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. చెన్నైలో ఉద్యోగం చేసే మనవడు సెలవుకొచ్చి, హైకోర్టు గోడ దగ్గర తీసిన ఫొటో ఫోన్లో చూపించాడు. ‘ఎమ్డెన్ గుండు పడింది ఇక్కడేనంట జేజినాయనా!’ అని. అంతే... మాస్టారు పాఠం మొదలుపెట్టేశాడు.

1914 సెప్టెంబరు 22 రాత్రి. జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి వందకు పైగా గుళ్లు కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు భగ్గుమన్నాయి. జనం ఊరొదిలి రైళ్లెక్కారు. ఆదోని అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. మద్రాసు నుంచి బొంబాయికి పోయే రైలుదారి ఆ ఊరి మీదుగానే. రేవు సుమారు ఐదువందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, రేవులో మంట పుడితే ఆ సెగ పత్తి ఊరికీ తగిలేదే.

ఆ ఒక్క ఓడ కోసం బ్రిటన్ నౌకలూ, దాని మిత్రదేశాల నౌకలూ సముద్రమంతా గాలించాయి. చివరికి పట్టుకున్నది ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’. సైనికులతో వెళ్తున్న ఓడల బారుకు అది కాపలా. నవంబరు 9న కోకోస్ దీవుల తంతి కేంద్రం నుంచి ‘కొత్త ఓడేదో వచ్చింది’ అని కబురందింది. సిడ్నీ దారి మళ్లించి ఎమ్డెన్ మీద పడింది. దెబ్బతిన్న ఎమ్డెన్ పగడపు దిబ్బకెక్కి ఆగిపోయింది.

‘సిడ్నీని కట్టింది స్కాట్లండులో. కొనుక్కున్నది ఆస్ట్రేలియా. యుద్ధం రాగానే పగ్గాలు పోయింది లండను చేతికి’ అన్నాడు మాస్టారు.

‘మరి మన ఓడ?’ అడిగాడు మనవడు.

మాస్టారు నవ్వాడు. మనకప్పుడు ఉన్నది రాయల్ ఇండియన్ మెరైన్. సైన్యాన్ని చేరవేయడం వంటి పనులే దానివి. అది రాయల్ ఇండియన్ నేవీ అయింది 1934లో. ఆస్ట్రేలియాకు తన పార్లమెంటు, తన ఓడలు ఉన్నాయి. మనం పాలితులం. కాపాడినా వాళ్లే, కట్టడి చేసినా వాళ్లే.

సముద్రం నెమ్మదించాక పత్తి రైతు గట్టెక్కాడా? లేదు. మన పత్తి కొనే దేశాల్లో జర్మనీ ఒకటి. యుద్ధంతో ఆ గిరాకీ పోయింది. ఆ దారిని మూసింది బ్రిటన్ నౌకాదళమే. ‘శత్రువు ఓడను దిబ్బకెక్కించినారు. మనం సరుకు పంపే దారి మాత్రం తెరుచుకోలా’ అని మాస్టారి ముక్తాయింపు.

ముప్పై కిలోమీటర్ల అవతల ఎమ్మిగనూరు. అక్కడ మగ్గాలే బతుకుతెరువు. ఆ రోజుల్లో దేశానికి అద్దకపు రంగులు ఎక్కువగా జర్మనీ నుంచే వచ్చేవి. అవి ఆగేసరికి రంగుల ధరలు మండాయి. ఏ మగ్గం మీది ఎరుపు ఎంత దూరం నుంచి వస్తుందో అప్పుడు గానీ తెలిసిరాలేదు.

‘అందుకే 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్లను సహకార సంఘంగా కూడగట్టినప్పుడు వాళ్లకో సొంత ఓడ దొరికినట్లయింది అబ్బీ! ఒక్క మగ్గం మాట ఎవరూ వినరు. అన్నీ కలిస్తే వింటారు’.

ఇంతలో కుప్ప దగ్గరికి కొనుగోలుదారు వచ్చాడు. దూది వేళ్లతో పీకి చూసి రేటు చెప్పాడు. మాస్టారు ఆశించినదానికన్నా తక్కువే.

‘బయటి దేశం పత్తి ఓడల్లో దిగుతాందంట సార్. మేమేం చేయాల?’

మనవడు తాత ముఖంలోకి చూశాడు. వెనక్కి తీసుకుపోదామంటే బండి బాడుగ, దాచుకుందామంటే ఇంట్లో చోటు లేదు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని, తూకానికి తలూపాడు.