మంచుకైనా వానకైనా టైరే దిక్కు

పోయినసారి రాసింది చదివి చాలామంది ఫోన్ చేశారు, సంతోషం. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు కాట్పాడి, చిత్తూరు, పాకాల స్టేషన్ల బోర్డులు చూసి నేర్చుకున్నవి. కాబట్టి అక్కడక్కడా తమిళ వాసన వస్తే సర్దుకోండి. ఈసారి విషయం పెళ్ళి కాదు, గుడి కాదు. టైర్లు. నవ్వకండి, చివరిదాకా చదవండి. చివర్లో సంఘానికి ఒక మాట అడగబోతున్నాను.

ఒకే వారంలో నాకు రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది కెనడాలో మాంట్రియల్ నుంచి, మా తమ్ముడి కొడుకుది. "పెద్దనాన్నా, సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్ కొన్నాను, మంచు కాలం వస్తా ఉంది, టైర్లు మార్చాలంట. బండి కొన్న డబ్బులో నాలుగో వంతు టైర్లకే అడుగుతున్నారు, ఏం చేసేది?" రెండోది గుడియాత్తం నుంచి, మా అక్క కొడుకుది. వాడు వి.కోట మార్కెట్ నుంచి టమోటా లోడు వేసుకొని రాత్రిపూట పేర్ణాంబట్ మీదుగా కిందికి దిగుతాడు. "మామా, నాలుగు టైర్లూ అరిగిపోయినాయి. పాప కాలేజీ ఫీజు కట్టాల. పాత టైర్లు చౌకగా వస్తా ఉండాయి, వేసేస్తా." ఒకడు అడిగాడు, ఇంకొకడు చెప్పాడు. అంతే తేడా. ప్రశ్న మాత్రం ఒకటే. డబ్బు తక్కువ, రోడ్డు జారుడు, ఏ టైరు వేయాలి?

తమిళంలో పొగమంచును, మంచుగడ్డను రెండిటినీ "పని" అంటారు. తెలుగులో పని అంటే మనం చేసే పని. వీళ్ళిద్దరికీ ఆ రెండు అర్థాలూ కలిసిపోయాయి. పనిలోనే పని చేయాలి.

వేలూరు వాడికి మంచు గురించి ఏం తెలుసు అని మీరు అడగవచ్చు. నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట అని మన ఊరిని ఎగతాళి చేసేవాళ్ళు. ఎండకు పేరు పడ్డ ఊరు. కానీ జారడం గురించి రైల్వేలో పనిచేసిన ఎవరికైనా కొంచెం తెలుస్తుంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద పోతుంది, వాన తుంపర పడితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే ఇంజన్‌లో ఇసుక పెట్టెలు ఉంటాయి. డ్రైవర్ మీట నొక్కితే చక్రం ముందు పట్టా మీద ఇసుక పడుతుంది, అప్పుడు పట్టు దొరుకుతుంది. అన్ని వేల గుర్రాల బలం ఉన్న ఇంజన్ కూడా గుప్పెడు ఇసుక మీద ఆధారపడుతుంది. బండి బలం ఇంజన్‌లో ఉంటుందని అందరూ అనుకుంటారు. అది చక్రం నేలను తాకే చోట ఉంటుంది. పికప్ టైరు ఒక్కొక్కటి నేలను తాకేది మన అరచేయి కంటే కొంచెం పెద్ద చోటు. నాలుగు అరచేతుల మీద టన్ను పైన బరువు కొండ దిగుతా ఉందని ఊహించుకోండి.

ముందు కెనడా పిల్లవాడి సంగతి. మామూలు టైరు రబ్బరు చలి ఏడు డిగ్రీల కిందికి పోతే గట్టిపడుతుంది. మన ఇంట్లో కొబ్బరి నూనె గడ్డ కట్టినట్టు అనుకోండి. గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టుకోదు. చలికాలం టైరుకు వేరే రకం రబ్బరు కలుపుతారు, చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని మీద సన్నని కత్తిగాట్లు వందలకొద్దీ ఉంటాయి, అవి మంచును కొరికి పట్టుకుంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు గుర్తు ఉంటే అది పరీక్షలో నెగ్గిన టైరు. ఎమ్ ప్లస్ ఎస్ అని అక్షరాలు మాత్రం ఉంటే చాలదు. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు చట్ట ప్రకారం తప్పనిసరి. కాబట్టి వాడికి వేయాలా వద్దా అనే ప్రశ్నే లేదు, చౌకగా ఎలా వేయాలన్నదే ప్రశ్న.

నేను అడిగి, చదివి, వాడికి చెప్పినవి ఇవి. రెండు టైర్లు మార్చి రెండు వదిలేస్తే బండి ఒక పక్క పట్టుకొని ఒక పక్క జారుతుంది, కాబట్టి నాలుగూ ఒకే రకం వేయాలి. పాత ఇనుప రిమ్ములు నాలుగు కొని వాటికి చలికాలం టైర్లు ఎక్కించి పెట్టుకుంటే, ప్రతి ఏడూ ఊడదీసి ఎక్కించే కూలి మిగులుతుంది. ఒక జత వాడుతున్నప్పుడు ఇంకో జతకు అరుగుదల లేదు, కాబట్టి ఆ ఖర్చు పూర్తిగా దండగ కాదు. అంత డబ్బు లేకపోతే ఆ మంచు పువ్వు గుర్తు ఉన్న ఏడాదంతా వాడే టైర్లు కూడా ఉన్నాయి, చట్టం వాటిని ఒప్పుకుంటుంది. ఇంకొకటి. పికప్ వెనుక తొట్టి ఖాళీగా ఉంటే వెనుక చక్రాల మీద బరువు ఉండదు. అక్కడివాళ్ళు ఇసుక మూటలు వేసి గట్టిగా కట్టేస్తారంట. ఇది విని నాకు నవ్వొచ్చింది. మా ఇంజన్ ఇసుక అక్కడికి కూడా పోయింది.

ఇప్పుడు గుడియాత్తం సంగతి. ఇక్కడ చట్టం ఉంది, పట్టించుకునేవాళ్ళు తక్కువ. మన దగ్గర మంచు పడదు, కానీ ఐప్పసి, కార్తీగ నెలల్లో ఈశాన్య రుతుపవనం పడుతుంది. 2021 నవంబరులో కౌండిన్య నది, పాలారు ఎలా పొంగాయో మీరందరూ చూశారు. వి.కోట, పలమనేరు మన కంటే ఎత్తులో ఉన్న మెట్ట. అక్కడి నుంచి పత్తలపల్లి ఘాటులో దిగేటప్పుడు తెల్లవారుజామున పొగమంచు, తడి రోడ్డు, మలుపులు. దానికి తోడు ముందు పోయిన బండ్ల నుంచి పడి నలిగిన టమోటాలు, ట్రాక్టర్ చక్రాల బురద. చాలారోజుల తరువాత పడిన మొదటి వాన ఇంకా ప్రమాదం, రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము కలిసి సబ్బు నురగలా అవుతుంది.

టైరు గాడులు ఎందుకంటే నీళ్ళను పక్కకు తోసేదానికి. గాడి అరిగితే నీళ్ళు టైరు కింద నిలుస్తాయి, బండి నేల మీద కాక నీళ్ళ మీద తేలుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా, స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి అడుగున చిన్న రబ్బరు గట్టు ఉంటుంది, టైరు పక్కన టి.డబ్ల్యు.ఐ. అనో, చిన్న ముక్కోణమో ఉన్నచోట చూస్తే కనిపిస్తుంది. రబ్బరు ఆ గట్టుకు సమం అయితే టైరు పని అయిపోయింది. వానలో తిరిగే బండికి నేనైతే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను. కొలిచేదానికి పరికరం అక్కరలేదు. మనది అగ్గిపెట్టెల ఊరు. ఒక అగ్గిపుల్ల గాడిలో నిలబెట్టి, గోటితో గుర్తు పెట్టి, పిల్లల స్కేలు మీద పెట్టి చూడండి. మా వాడి బండికి అలా చూస్తే వెనుక టైరుకు ఒక మిల్లీమీటరు కూడా లేదు. బోడి టైరు అంటే అదే, తమిళంలో మొట్ట టైరు.

చౌక టైరు గురించి ఒక లెక్క చెప్తాను. పార్సెల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు తూకం, లెక్క చూసినవాడిని కదా, అలవాటు పోలేదు. అనుకుందాం, కొత్త టైరు 6,000 రూపాయలు, 40,000 కిలోమీటర్లు వస్తుంది. కిలోమీటరుకు 15 పైసలు. పాత టైరు 2,500, అది 10,000 కిలోమీటర్లు వస్తే గొప్ప. కిలోమీటరుకు 25 పైసలు. ఏది చౌక? పేదవాడు ఎప్పుడూ ఎక్కువ ధర ఇచ్చే కొంటాడు, చేతిలో ఒకేసారి డబ్బు లేదు గనక. ఇది టైరుకే కాదు, బియ్యానికి, మందులకు కూడా అంతే.

పాతదే కొనక తప్పకపోతే టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాల తరువాత చివరి నాలుగు అంకెలు చూడండి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైంది. ఐదేళ్ళు దాటితే ఏడాదికొకసారి తెలిసినవాళ్ళకు చూపించాలి, పదేళ్ళు దాటితే గాడి ఎంత లోతున్నా వద్దు. మన ఎండలో నిలబడిన రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. పక్కల్లో పగుళ్ళు, ఉబ్బు ఉంటే ముట్టుకోవద్దు. నల్ల రంగు పూసి మెరిపించారేమో చూసుకోండి. లోపలికి చేయి పెట్టి ప్యాచ్‌లు ఉన్నాయేమో తడమండి.

రీట్రెడ్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. రీట్రెడ్‌ను చెడ్డది అనను. ఎమ్.ఆర్.ఎఫ్. కంపెనీ 1946లో మద్రాసులో బెలూన్లతో మొదలై, 1952లో ట్రెడ్ రబ్బరు చేసి, ఆ తరువాతే టైర్లకు వచ్చింది. కానీ రీట్రెడ్‌కు తగిన చోటు లారీ వెనుక జంట చక్రాలు, ఒకటి పోయినా పక్కది మోస్తుంది. నాలుగే చక్రాలున్న చిన్న పికప్‌లో, లోడుతో ఘాటు దిగేవాడికి ఆ పక్కది లేదు.

రెండే కొత్తవి కొనే శక్తి ఉంటే అవి వెనుకకు వేయండి. అందరూ ముందుకు వేస్తారు. కానీ తడి మలుపులో ముందు జారితే వేగం తగ్గించి కొంతైనా సర్దుకోవచ్చు, వెనుక జారితే బండి గిర్రున తిరుగుతుంది. గాలి, బండి తలుపు దగ్గర రాసినంత, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎక్కినప్పుడు వేసిన గేరులోనే దిగాలి. 40లో పోయేవాడు 60కి పెంచితే బ్రేకు పట్టి ఆగే దూరం రెండింతలకు మించి పెరుగుతుంది. ఇది టైరు కంపెనీ చెప్పింది కాదు, బళ్ళో చదివిన లెక్క.

ఇప్పుడు సంఘానికి నా మాట. మూడేళ్ళ కిందట మనవాళ్ళలో ఒకతను ఆ ఘాటులోనే వానలో పోయాడు. పేరు రాయను, మీకు తెలుసు. టైరు వల్లే అని నేను చెప్పలేను. అప్పుడు మనం రెండు రోజుల్లో చందా ఎత్తి ఆ ఇంటికి ఇచ్చాము. మంచి పనే. కానీ ఆ చందా మొత్తంతో ఎన్ని బండ్లకు కొత్త టైర్లు వచ్చేవో అని ఆ రాత్రి నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. చదువుకు, పెళ్ళికి సంఘం నుంచి వడ్డీ లేని చేబదులు ఇస్తాము. బండి మీద బతికే సభ్యుడికి టైర్ల కోసం ఎందుకు ఇవ్వకూడదు? పైన చెప్పిన లెక్క ప్రకారం నాలుగు టైర్లు 24,000. నెలకు 2,000 చొప్పున ఏడాదిలో తీరిపోతుంది. డబ్బు చేతికి ఇవ్వకుండా టైరు అంగడికే కట్టవచ్చు. ఐప్పసి రాకముందే, పురట్టాసిలోనే ఇస్తే వానకు ముందు బండి సిద్ధం.

మా అక్క కొడుకుకి ఈసారి వెనుక రెండు కొత్తవి నేనే కొనిచ్చాను, పాప ఫీజు వాడు కట్టుకున్నాడు. ముందు రెండు ఇంకా పాతవే. వాడికి మామ ఉన్నాడు. మామ లేని వాళ్ళ కోసమే ఈ మాట. వచ్చే కమిటీ మీటింగులో దీన్ని ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. బండి ఉన్న సభ్యులు, వాళ్ళ పిల్లలు మీటింగుకు తప్పకుండా రండి. వచ్చే ముందు ఒక అగ్గిపుల్లతో మీ టైర్లు చూసుకొని రండి.