తెర నుండి కాగితమునకు

డిజైను విద్యార్థి యనగానే రంగులు కలుపువాడు, బొమ్మలు వేయువాడు అని మన యిండ్లలో తలచుట కద్దు. కళాశాలలో మొదటి సంవత్సరమున నాకును శ్రద్ధ కంప్యూటరు తెరపైననే యుండెను. ఆ శ్రద్ధను కాగితము వైపు త్రిప్పినది శివకాశిలోని యొక చిన్న ముద్రణశాలలో గడపిన 6 వారములు. హోసూరు ప్రాంతపు పల్లెలలో పెద్దల నోట విని వ్రాసికొనిన పొడుపుకథలను 32 పుటల పుస్తకముగా కూర్చి, 1,000 ప్రతులు అచ్చు వేయించుట నా చదువులో నొక భాగము.

మొదట తెలిసినది రంగుల సంగతి. తెరకు స్వంత వెలుగు కలదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులు కలిసి అందు తెలుపగును. కాగితమునకు వెలుగు లేదు. సయాన్, మజెంటా, పసుపు, నలుపు అను 4 సిరాలు సన్నని చుక్కలుగా దానిపై బడి మన కంటిలో కలియును. తెరపై మెరసిన చిలుకపచ్చను ఈ నాలుగు సిరాలు అట్లే తేజాలవు. 1947 జూలైలో చెన్నపట్టణమున వెలువడ నారంభించిన చందమామ పాత సంచిక యొకటి మా యింట కలదు. వడ్డాది పాపయ్యగారి అట్టబొమ్మను భూతద్దముతో చూడగా, నున్నని చెక్కిలి చుక్కల గుంపుగా విడిపోయినది. అంత సొగసు చుక్కలలో దాగియుండుట నాకు నేటికిని వింతయే.

ఆఫ్‌సెట్ యంత్రము నూనెకును నీటికిని గల వైరముపై నడచును. 1796 ప్రాంతమున జర్మనీలో సెనెఫెల్డర్ కనుగొనిన శిలాముద్రణ సూత్రమే యిది. నేడు రాతికి బదులు అల్యూమినియము ప్లేటు. ప్లేటుపై అచ్చు కావలసిన చోట సిరా, తక్కినచోట నీరు నిలుచును. ఆ రూపము రబ్బరు గుడ్డ మీదికి, దాని నుండి కాగితము మీదికి దిగును. కాగితము తేమను పీల్చి సాగును. సాగినచో నాలుగు రంగులు ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండవు. కావుననే చిన్న అక్షరములను నాలుగు సిరాలతో గాక నలుపు ఒక్కదానితోనే వేయవలయును.

ఇక తెలుగు లిపి సంగతి. 1746లో జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములను అచ్చు వేయించిన నాటి నుండియు మన గుడులు, కొమ్ములు, ఒత్తులు అచ్చువారికి పరీక్షయే. ఆంగ్లమున 12 పాయింట్ల అక్షరమునకు 14 పాయింట్ల పంక్తి చాలును. తెలుగున అంతే యిచ్చినచో పై పంక్తిలోని ఒత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకును. నేను 18 ఇచ్చితిని. పుటలు పెరుగునని కొందరనిరి. అవ్వలును తాతలును చదువవలసిన పుస్తకమునకు ఆ పిసినారితనము తగదని నా మతము. ఇన్‌డిజైన్‌లో వరల్డ్‌రెడీ కంపోజరును ఎన్నుకొననిచో ‘అమ్మ’ కాస్త ‘అమ్‌మ’ యగును. ఫాంటును పీడీఎఫ్‌లో పొందుపరుపనిచో అక్షరములకు మారుగా గళ్ళు వచ్చుటయు కలదు. తమిళనాట అచ్చగు తెలుగు పుస్తకమున ఇట్టివి చొరబడిన, ప్లేటు చేయువాడు గాని, కుట్టువాడు గాని, కోయువాడు గాని పట్టుకొనుట యెట్లు? ఆ శాలలో తెలుగు చదువగలవాడను నేనొక్కడనే.

చదువగలవాడ ననుచున్నాను, మాటాడగలవారు వేరుగ నుండిరి. విరుదునగరు జిల్లాలో తరతరములుగా ఇంట తెలుగు పలుకుచు, బడిలో తమిళమే చదివిన కుటుంబములు పెక్కు గలవు. యంత్రము నడపు పెద్దాయన అట్టి యింటివాడు. తెలుగున ఒక్క యక్షరమును గుర్తింపడు. అయినను మొదటి కాగితము రాగానే దానిని వెలుగున కెత్తి, నేను సంతకము చేసిన ప్రూఫు ప్రక్కన నుంచి, ‘కథ’ అను మాటపై వ్రేలుంచెను. “ఈ అక్షరం కడుపులో చుక్క మునిగిపోయుండాది” అనెను. నిజమే, సిరా మిక్కుటమై థకారపు చుక్క మూసికొనిపోయినది. నేను అర్థము చదువుచు రూపమును దాటిపోవువాడను. ఆయనకు రూపమే గాని అర్థము లేదు. సిరా తగ్గించి, మరల పది కాగితములు తీసి చూపెను. అప్పుడు చుక్క తేటగా వచ్చినది.

“ఇది మన మాటే కదా నాయనా, ఏమి రాసుండాది? చదువు” అని యడిగెను. ఒక కాగితమున 16 పుటలు, వైపునకు 8. మడచినప్పుడు వరుస కుదురుటకై సగము పుటలు తలక్రిందులుగా నుండును; 1వ పుట ప్రక్కన 32వది వచ్చును. కావున కాగితమును త్రిప్పుచు, తోచిన చోట నొక పొడుపుకథ చదివితిని. నేను ముగింపకమున్నే ఆయన విడుపు చెప్పెను. “మా అవ్వ చెప్తుండె” అని, ఇంకొకటి చదువుమనెను. దానికి విడుపు ఆయనకు తెలియదు. నన్ను చెప్పవలదని సైగ చేసి, ఆలోచించుచునే యంత్రము మీట నొక్కెను. ఇంకను మూడు ప్లేట్ల పని మిగిలియుండెను.